పాప పిత్తాశయం తీసేశారు, రిపోర్టులో 'డిస్‌ప్లేజియా' అని రాశారు

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు. రెండేళ్లుగా అప్పుడప్పుడు కడుపు నొప్పి అనేది. గ్యాస్ అనుకుని మందులు వాడాం. చివరికి అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. నెల క్రితం లాప్రోస్కోపీతో పిత్తాశయం తీసేశారు. రాళ్లను చిన్న సీసాలో వేసి మాకు ఇచ్చారు. నల్లగా, ఆవగింజలంత ఉన్నాయి. పాప మూడో రోజుకే లేచి తిరిగింది. అంతా అయిపోయిందనుకున్నాక బయాప్సీ రిపోర్టు వచ్చింది. 'దీర్ఘకాలిక కోలిసిస్టైటిస్, పైలోరిక్ మెటాప్లేజియా, ఒకచోట లో గ్రేడ్ డిస్‌ప్లేజియా, సిస్టిక్ డక్ట్ అంచులో మార్పులు లేవు' అని ఉంది. సర్జన్ను అడిగితే "తీసేశాం కదమ్మా, ఇంకేమీ లేదు" అని ఒక్క మాటలో ముగించారు. ఇంటికొచ్చి ఫోనులో వెతికితే డిస్‌ప్లేజియా అంటే క్యాన్సర్‌కు ముందు దశ అని కనిపించింది. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. పాప తిండి నేను సరిగ్గా చూసుకోలేదని మా అత్తగారు అంటున్నారు. ఇది క్యాన్సరేనా? మళ్లీ వేరేచోట వస్తుందా? ఎనిమిదేళ్ల బాబు కూడా ఉన్నాడు, వాడికి పరీక్షలు చేయించాలా? (మా వారికి కూడా ఇరవై ఎనిమిదో ఏట ఇదే ఆపరేషన్ అయింది. పాపకు పుట్టినప్పుడు కామెర్లు వచ్చి నాలుగు రోజులు లైటు కింద ఉంచారు. వీటికీ దీనికీ సంబంధం లేదనుకోండి.)
— ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో మిమ్మల్ని భయపెట్టిన మాట ఒకటి, నన్ను ఆపేసిన మాట మరొకటి. మిమ్మల్ని భయపెట్టింది డిస్‌ప్లేజియా. నేను ఆగిపోయింది మీరు సంబంధం లేదనుకుని బ్రాకెట్లో పెట్టిన ఆ రెండు వాక్యాల దగ్గర. వాటి సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ మొదటి ప్రశ్నకు జవాబు: కాదు. ఆ రిపోర్టులో క్యాన్సర్ లేదు. లో గ్రేడ్ డిస్‌ప్లేజియా క్యాన్సర్ కాదు, అది ఉన్న భాగం ఇప్పుడు మీ పాప ఒంట్లోనూ లేదు.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఇలాంటి రిపోర్టులు రాయడమే నా వృత్తి. నేను పాథాలజిస్టును. రోగులు మమ్మల్ని చూడరు, మేము రాసిన మాటలనే చూస్తారు. మాలో మేము వాడుకునే మాటలు అర్ధరాత్రి ఒక తల్లి ఫోనులో ఎలా కనిపిస్తాయో మాకు తట్టదు. ఆ మాటల వెనక ఏముంటుందో కొంచెం చెబుతాను.

ఆపరేషన్ గది నుంచి పిత్తాశయం ఫార్మలిన్ నింపిన డబ్బాలో మా బల్ల మీదికి వస్తుంది. కత్తెరతో నిలువుగా కోసి, పుస్తకం తెరిచినట్టు తెరుస్తాం. ఆరోగ్యంగా ఉన్నదైతే లోపల ముదురాకుపచ్చ మఖమల్ పరిచినట్టు ఉంటుంది. రాళ్లతో చాలాకాలం రాసుకున్నదైతే ఆ మఖమల్ అక్కడక్కడ అరిగి చదునుగా కనిపిస్తుంది, గోడ మందమై గట్టిపడి ఉంటుంది. కొన్నింటిలో లోపలంతా పసుపు చుక్కలు చల్లినట్టు ఉంటాయి. అవి కొలెస్ట్రాల్‌ను మింగి ఉబ్బిన కణాలు, చూడటానికే వింత, వాటివల్ల హాని లేదు. తర్వాత అడుగు భాగం నుంచి, మధ్య నుంచి, మెడ నుంచి చిన్న ముక్కలు తీసుకుంటాం. పిత్తాశయం నుంచి పైత్యరసం బయటికి వెళ్లే సన్నటి గొట్టమే సిస్టిక్ డక్ట్. సర్జన్ కోసిన చోట దాని అంచును వేరుగా తీసుకుంటాం. వీటన్నిటినీ మైనంలో బిగించి, నాలుగైదు మైక్రాన్ల మందాన, అంటే మిల్లీమీటరులో రెండువందల వంతు పలుచన చేసి, గాజు పలక మీద పరిచి రంగులద్దుతాం. కేంద్రకాలు ఊదాగా, మిగిలినది గులాబీగా తేలుతుంది.

పిత్తాశయం లోపలి పొరలో ఉండేది ఒకే వరుస. పొడుగాటి కణాలు బడిలో ప్రార్థనకు నిలబడిన పిల్లల్లా పక్కపక్కనే ఉంటాయి, ప్రతి కణానికీ కేంద్రకం అడుగునే ఉంటుంది. మీ పాప రిపోర్టులోని మూడు మాటలూ ఈ వరుసకూ దాని చుట్టుపక్కలకూ ఏం జరిగిందో చెప్పేవే.

దీర్ఘకాలిక కోలిసిస్టైటిస్ అంటే చాలాకాలంగా ఉన్న వాపు. రాళ్లున్న పిత్తాశయం లోపల ఇది లేకపోతేనే ఆశ్చర్యపోతాం.

మెటాప్లేజియా అంటే కణాలు వేషం మార్చడం. మీ పాపకు వచ్చింది పైలోరిక్ రకం. జీర్ణాశయం చివరి భాగంలో జిగురును స్రవించే గ్రంథులుంటాయి. పిత్తాశయం గోడలో అచ్చం అలాంటి గ్రంథులు పుట్టుకొచ్చాయి. రాయి రోజూ ఒరుసుకుంటుంటే ఆ గోడ తనను తాను కాపాడుకోవడానికి జిగురు పూత వేసుకుందన్నమాట. పొగ తాగేవాళ్ల శ్వాసనాళాల్లోనూ ఇలాగే మెత్తటి కణాల స్థానంలో దళసరి కణాలు వస్తాయి. రాళ్లున్న పెద్దవాళ్ల పిత్తాశయాల్లో ఈ పైలోరిక్ మార్పును మేము ఎన్నిసార్లు చూస్తామంటే, రిపోర్టులో రాయడం మర్చిపోయినా ఎవరూ అడగరు. పిల్లల్లో తక్కువ, కానీ వాపు ఏళ్ల తరబడి ఉంటే వాళ్లలోనూ కనిపిస్తుంది. ఇదే మార్పు పేగు లోపలి పొరను పోలి ఉంటే దాన్ని ఇంటస్టైనల్ మెటాప్లేజియా అంటాం. దాన్ని చూస్తే ఇంకొన్ని ముక్కలు తీసి వెతుకుతాం. మీ రిపోర్టులో ఆ మాట లేదు.

ఇక మిగిలింది మీ నిద్ర పోగొట్టిన మాట. డిస్‌ప్లేజియాలో ఆ వరుస చెదురుతుంది. కేంద్రకాలు పెద్దవై, రంగు ముదిరి, అడుగున ఉండాల్సినవి పైకి ఎగబాకి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కనిపిస్తాయి. ఈ చెదురు కొద్దిగా ఉంటే లో గ్రేడ్, తీవ్రంగా ఉంటే హై గ్రేడ్. రెండింటిలోనూ కణాలు తమ పొరలోనే ఉంటాయి. పొర కింద సన్నటి గీతలాంటి హద్దు ఒకటి ఉంటుంది. ఆ హద్దు దాటి గోడలోకి చొరబడినప్పుడే మేము క్యాన్సర్ అని రాస్తాం. పెద్దవాళ్లలో కొన్ని పిత్తాశయ క్యాన్సర్లు ఇలాంటి మెట్లు ఎక్కుతూ వస్తాయి, నిజమే. అందుకే మీరు ఫోనులో ఆ వాక్యం చదివారు. కానీ ఆ ప్రయాణానికి చాలా ఏళ్లు, తరచుగా దశాబ్దం పైనే పడుతుంది. అదీ పిత్తాశయం లోపల ఉంటే. పిత్తాశయ క్యాన్సర్ సాధారణంగా అరవై దాటినవాళ్ల జబ్బు, పిల్లల్లో అత్యంత అరుదు. మీ పాపలో ఆ ప్రయాణం మొదటి మెట్టు దగ్గరే, మెట్లతో సహా తీసివేయబడింది.

ఇక్కడ మా ఇంటి గుట్టు ఒకటి చెప్పాలి. వాపు బాగా ఉన్నచోట కణాలు గాయం మాన్చుకునే తొందరలో ఉంటాయి. అప్పుడు వాటి కేంద్రకాలూ ఉబ్బుతాయి, రంగు ముదురుతుంది, విభజన ఎక్కువవుతుంది. అది లో గ్రేడ్ డిస్‌ప్లేజియాకు కవల పిల్లలా ఉంటుంది. మామూలు కణాల నుంచి మెల్లమెల్లగా మారుతూ వస్తే వాపు వల్ల వచ్చినదనీ, గీత గీసినట్టు ఒక్కసారిగా మారితే డిస్‌ప్లేజియా అనీ ఒక ఆనవాలు పెట్టుకుంటాం. అయినా ఒకే స్లైడుకు ఇద్దరు పాథాలజిస్టులు రెండు పేర్లు పెట్టడం జరుగుతూనే ఉంటుంది. పన్నెండేళ్ల పిల్ల పిత్తాశయంలో ఈ మాట రాయాల్సి వస్తే నేనైతే పక్క గదిలో ఉన్న సహచరుడికి స్లైడు చూపించకుండా సంతకం పెట్టను. కాబట్టి ఆ ల్యాబ్‌ను రెండు విషయాలు అడగండి. ఈ స్లైడును రెండో పాథాలజిస్టు చూశారా? డిస్‌ప్లేజియా కనిపించాక మిగిలిన పిత్తాశయం నుంచి మరిన్ని ముక్కలు తీసి చూశారా? ఇలా అడిగితే ఎవరూ తప్పు పట్టరు. చూడకపోతే స్లైడులనూ మైనం దిమ్మలనూ తీసుకుని, కాలేయం, పిత్తాశయం జబ్బుల్లో అనుభవమున్న పాథాలజిస్టుకు చూపించవచ్చు. మైనం దిమ్మలు ఏళ్ల తరబడి చెడవు, కంగారుపడి పరుగెత్తనక్కరలేదు.

రిపోర్టులో మీరు దాటేసిన చివరి మాట, నా దృష్టిలో, అన్నిటికంటే విలువైనది: సిస్టిక్ డక్ట్ అంచులో మార్పులు లేవు. అంటే సర్జన్ కోసిన చోట, ఒంట్లో మిగిలిన వైపు, కణాలు సక్రమంగా ఉన్నాయి. లో గ్రేడ్ డిస్‌ప్లేజియా, అంచు శుభ్రం — ఈ రెండూ కలిస్తే దానికంటూ వేరే వైద్యం లేదు. మందుల్లేవు, మళ్లీ ఆపరేషన్ లేదు. హై గ్రేడ్ అయి ఉంటే పిత్తాశయం మొత్తాన్నీ ముక్కలు చేసి చూడమనేవాణ్ణి. అంచులోనే మార్పులుంటే వేరే చర్చ జరిగేది. ఆ రెండూ మీకు వర్తించవు. సర్జన్ "తీసేశాం కదా" అన్నది ఈ అర్థంలో నిజమే. ఇంకో నాలుగు మాటలు చెప్పి ఉంటే మీరు ఈ ఉత్తరం రాసేవారు కాదు.

అయినా ఆయన మాటలో సగమే ఉంది. తీసేసింది దెబ్బతిన్న సంచిని. ఆ సంచి ఎందుకు దెబ్బతిన్నదన్న ప్రశ్న పాపతోపాటు ఇంటికి వచ్చింది. పెద్దవాళ్లలో రాళ్లు ఎంత మామూలంటే కారణం అడగం. పన్నెండేళ్ల పిల్లలో అడగాలి. ఇప్పుడు మీ బ్రాకెట్ దగ్గరకు వద్దాం.

నల్లటి చిన్న రాళ్లు. పుట్టినప్పుడు కామెర్లు. ఇరవై ఎనిమిదేళ్లకే పిత్తాశయం తీయించుకున్న తండ్రి. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద విషయం కాదు. పుట్టిన పిల్లల్లో కామెర్లు ఎందరికో వస్తాయి. మూడూ ఒకచోట చేరితే మాత్రం ఎర్ర రక్తకణాలు వేళకు ముందే చితికిపోయే జబ్బు ఏదైనా ఉందేమో చూడాలి. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొందరిలో అది పుట్టుకతోనే బలహీనంగా ఉండి ముందే విరిగిపోతుంది. విరిగిన కణాల్లోని హిమోగ్లోబిన్ నుంచి బిలిరుబిన్ అనే పసుపుపచ్చ పదార్థం తయారవుతుంది. అది ఎక్కువై పైత్యరసంలో పేరుకుని గడ్డకడితే వచ్చేవే ఈ నల్లటి రాళ్లు. కొలెస్ట్రాల్ రాళ్లు సాధారణంగా పసుపుగా, కొంచెం పెద్దవిగా ఉంటాయి. సికిల్ సెల్, తలసీమియాల్లో నల్ల రాళ్లు వస్తాయి. హెరిడిటరీ స్ఫిరోసైటోసిస్‌లోనూ వస్తాయి. ఇందులో ఎర్రకణాలు నొక్కిన బిళ్లల్లా ఉండాల్సింది పోయి గుండ్రటి బంతుల్లా ఉంటాయి, ప్లీహం వాటిని పట్టి నలిపేస్తుంది. ఇది ఎక్కువగా తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి పిల్లలకు వస్తుంది. తీవ్రత తక్కువగా ఉంటే పెద్దయ్యే దాకా, ఒక్కోసారి రాళ్లు బయటపడే దాకా, ఉందని కూడా తెలియదు.

మీ ఇంట్లో ఇదే ఉందని నేను చెప్పడం లేదు. ఉత్తరం చదివి రోగం పేరు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. కానీ పరీక్ష చాలా సులువు: పూర్తి రక్త గణన, రెటిక్యులోసైట్ల (అప్పుడే తయారైన లేత ఎర్రకణాల) లెక్క, బిలిరుబిన్, వీటితోపాటు రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూడటం. చివరిది తప్పక అడగండి, యంత్రం ఇచ్చే అంకెలు మాత్రమే చాలవు. ఏదైనా తేడా ఉంటే రక్త వ్యాధుల నిపుణులు మిగతా పరీక్షలు రాస్తారు. తెలుసుకుంటే ఏమిటి లాభమంటారా? పిత్తాశయం లేకపోయినా బిలిరుబిన్ ఎక్కువగానే తయారవుతుంటే పైత్యనాళంలోనే రాళ్లు పడే అవకాశం ఉంటుంది. కొన్ని వైరస్ జ్వరాల్లో ఇలాంటి పిల్లలకు రక్తం ఒక్కసారిగా తగ్గిపోతుంది. అది ముందే తెలిసిన డాక్టరు ఆ జ్వరాన్ని వేరే కళ్లతో చూస్తారు.

రెండో అనుమానం కూడా చెప్పేస్తాను. పైత్యనాళం, క్లోమ నాళం రెండూ చిన్నపేగు గోడలోకి వెళ్లి కలుస్తాయి. అక్కడ కవాటంలాంటి కండరం ఉంటుంది. కొందరిలో పుట్టుకతోనే ఈ రెండు నాళాలూ పేగు గోడకు బయటే, ముందే కలిసిపోయి ఉంటాయి. అప్పుడు ఆ కండరం అదుపు పనిచేయక, క్లోమ రసం వెనక్కి ఎక్కి పిత్తాశయంలోకి చేరుతుంది. జీర్ణం చేసే ఆ ఘాటు రసం లోపలి పొరను ఏళ్ల తరబడి తినేస్తుంటే కణాలు మందంగా పెరగడం, మెటాప్లేజియా, డిస్‌ప్లేజియా అన్నీ చిన్న వయసులోనే రావచ్చు. ఇలాంటివాళ్లలో పిత్తాశయం తీసేస్తే సరిపోతుందా, నాళాన్ని కూడా సరిచేయాలా అన్నది నాళం ఉబ్బి ఉందా లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. మీ పాప విషయంలో నల్లటి రాళ్లు మొదటి కారణం వైపే వేలు చూపిస్తున్నాయి. అయినా పిల్లల రిపోర్టులో డిస్‌ప్లేజియా అన్న మాట వచ్చినప్పుడు ఈ కలయికను ఒక్కసారి చూసి పక్కన పెట్టడం మంచిదని నా అభిప్రాయం. మామూలు అల్ట్రాసౌండ్‌లో అది సరిగ్గా కనిపించదు. ఎం.ఆర్.సి.పి. అనే స్కానులో కనిపిస్తుంది, దానికి సూది గుచ్చడం, రేడియేషన్ ఉండవు. సర్జన్ ముందు ఈ మాట ఎత్తండి. ఆపరేషన్‌కు ముందే అది తీసి ఉంటే పాత ఫిల్మునే ఈ దృష్టితో మళ్లీ చూడమనండి.

మీ అత్తగారి మాట. ఎర్రకణాలు చితికి వచ్చే రాళ్లకూ తిండికీ ఏ సంబంధమూ లేదు. మీరు ఎంత పద్ధతిగా పెట్టినా ఆ రాళ్లు వచ్చేవే. అధిక బరువు ఉన్న పిల్లల్లో, ముఖ్యంగా యవ్వనంలో అడుగుపెట్టే ఆడపిల్లల్లో కొలెస్ట్రాల్ రాళ్లు వస్తాయి, నిజమే. అక్కడ కూడా ఒక తల్లి వంటింటి మీద నేరం మోపడం అన్యాయం. రెండేళ్లు గ్యాస్ మందులు వాడామని మీరు బాధపడుతున్నట్టు రాసిన తీరులోనే తెలుస్తోంది. పిల్లలు కడుపు నొప్పి అంటే బొడ్డు చుట్టూ చెయ్యి తిప్పి చూపిస్తారు, కుడి పక్కటెముకల కింద అని చెప్పరు. డాక్టర్లే పొరబడతారు. ఆ రెండేళ్లలో వాపు కొంత ముదిరి ఉంటుంది, గోడ కొంత వేషం మార్చి ఉంటుంది. తిరిగి సరిచేయలేనిది మాత్రం ఏదీ జరగలేదు.

పిత్తాశయం లేకుండా ఎలా బతుకుతుందని మీరు అడగలేదు, కానీ ఇలాంటి ఉత్తరం రాసే ప్రతి తల్లి మనసులోనూ అది ఉంటుంది. గుర్రానికి పిత్తాశయం లేదు, ఎలుకకూ లేదు. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ అనే సర్జన్ మొదటిసారి దాన్ని తీసేసినప్పటి నుంచి మనుషులూ అది లేకుండా హాయిగా బతుకుతున్నారు. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో, సంచి దాన్ని నిల్వ చేసి చిక్కబరచేది మాత్రమే. ఇప్పుడది నేరుగా పేగులోకి పోతుంది. కొన్ని వారాలు కొవ్వు ఎక్కువైన భోజనం తర్వాత విరేచనం పలుచగా కావచ్చు, మెల్లగా సర్దుకుంటుంది. ఎత్తు, బరువు, చదువు, ఆటలు దేనికీ లోటు రాదు. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారి మలం తెల్లబారడం, చలితో కూడిన జ్వరం, పైపొట్టలో ఆగని నొప్పి — వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. అది క్యాన్సర్ భయంతో కాదు, నాళంలో రాయి అడ్డుపడిందేమోనని.

ఈ శీర్షిక చదివే మిగతా తల్లిదండ్రులకు ఒక ముక్క. పిల్లల రిపోర్టులో 'పాపిల్లరీ' (సన్నటి వేళ్లలాంటి) పెరుగుదలలు ఉన్నాయని రాసి, ఆ బిడ్డ నడక తడబడుతూ, నేర్చుకున్నవి మర్చిపోతూ ఉంటే పిల్లల నరాల డాక్టరుకు చూపించండి. మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బులో పిత్తాశయం అలా మారుతుంది. ఉత్తరం రాసిన అమ్మకు ఇది వర్తించదు, చదివి మళ్లీ నిద్ర పాడుచేసుకోవద్దు.

ఇక బాబు సంగతి. వాడి పిత్తాశయంలో డిస్‌ప్లేజియా ఉందేమోనని వెతకనక్కరలేదు, అది అంటేది కాదు, పంచుకునేదీ కాదు. పంచుకునే అవకాశం ఉన్నది రక్తంలోని లోపం. అందుకని సూదులు వాడితో మొదలుపెట్టకండి, మీ వారితో మొదలుపెట్టండి. పాప రక్తంతోపాటు ఆయన రక్తపు చుక్కనూ గాజు పలక మీద పరచమనండి. ఇరవై ఎనిమిదో ఏట తీసిన ఆయన రాళ్లు ఏ రంగులో ఉన్నాయో గుర్తుందేమో అడగండి, పాత కాగితాలుంటే బయటికి తీయించండి. తండ్రీకూతుళ్లిద్దరి రక్తం బాగుంటే బాబును వదిలేయవచ్చు. ఏ ఒక్కరిలో తేడా ఉన్నా వాడికి కూడా రక్త పరీక్ష, ఒక అల్ట్రాసౌండ్ చేయించండి. పాప రాళ్ల సీసాను పారేయకండి, రక్త వ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టుతోపాటు దాన్నీ తీసుకెళ్లండి.